అద్భుతము ప్రమాణమా, ప్రమేయమా? — తెలుగు క్రైస్తవ సాక్ష్యములపై ఒక విమర్శ

క్రైస్తవ విశ్వాసమున అద్భుతకార్యములకు గల స్థానమెట్టిది, వానిని నమ్ముటకు ఆధారమేమి అను ప్రశ్నలపై పాశ్చాత్య దేశములలో మూడు శతాబ్దులుగా వాదము జరుగుచున్నది. మన భాషలో ఈ విషయమును గూర్చి జరిగిన చర్చ మిక్కిలి స్వల్పము. విషయము మాత్రము మనకు దూరమైనది కాదు. నల్లగొండ జిల్లాలో హాలియా పరిసర గ్రామములయందు గాని, పాలమూరు సీమయందు గాని పెక్కు ప్రార్థనా మందిరములలో ఆరాధన నడుమ 'సాక్ష్యము చెప్పుట' యను నొక భాగము కలదు. ఒకరు లేచి నిలిచి, తమకు కలిగిన వ్యాధిని, తిరిగిన ఆసుపత్రులను, చేసిన ప్రార్థనను, పొందిన స్వస్థతను సభకు నివేదింతురు. విన్నవారు దేవునికి స్తోత్రము చెప్పుదురు. ఈ సాక్ష్యములు సాధారణముగా అచ్చుపడవు. మన సాహిత్య చరిత్రలలో వీనికి తావు లేదు. అయినను వారము వారము తెలుగున క్రొత్తగా పుట్టుచున్న కథన ప్రక్రియలలో నిది యొకటి. దీనిని విమర్శకుడు ఎట్లు వినవలెను? నమ్మి వినవలెనా, నమ్మక వినవలెనా, ఈ రెండును గాక వేరొక మార్గము కలదా? ఇదియే మా విచారమునకు విషయము.

మొదట తెలుగు బైబిలులోని పదములను పరిశీలింతము. మనము వాడుకలో అద్భుతమను నొక్క మాటతో సరిపెట్టుకొను భావమునకు గ్రీకు మూలమున మూడు మాటలు కలవు. అపొస్తలుల కార్యముల రెండవ అధ్యాయమున పేతురు చేసిన ప్రసంగములో ఆ మూడును ఒక్కచోటనే వచ్చినవి. తెలుగు అనువాదకులు వానిని అద్భుతములు, మహత్కార్యములు, సూచకక్రియలు అని వేరు వేరు మాటలతో తెనిగించిరి. ఇది సామాన్యమైన నేర్పు కాదు. అద్భుతము మన అలంకారశాస్త్రమున ఒక రసమునకు పేరు. దాని స్థాయిభావము విస్మయము. కావున ఆ పదము చూచినవాని మనఃస్థితిని తెలుపును. మహత్కార్యము చేసినవాని శక్తిని తెలుపును. సూచకక్రియ యన్నపుడు దృష్టి చూచినవానిపైనను చేసినవానిపైనను గాక, ఆ క్రియ దేనిని సూచించుచున్నదో ఆ అర్థముపై నిలుచును. యోహాను సువార్తలో కానా వివాహమున నీరు ద్రాక్షారసమైన వృత్తాంతమునకు వాడబడినది ఈ మూడవ పదమే.

ఆధారమును తెలుపు పదములయందును ఇట్టి వైవిధ్యమే కలదు. అపొస్తలుల కార్యముల ప్రారంభమున, క్రీస్తు తాను సజీవుడనని శిష్యులకు కనుపరచుకొన్న సందర్భమున, మూలములోని తెక్మేరియాన్ అను పదమునకు అనువాదకులు 'ప్రమాణము' అను మాట వాడిరి. అరిస్టాటిలు తన వక్తృత్వ శాస్త్రమున ఈ గ్రీకు పదమును తప్పిపోని గుర్తు అను అర్థమున నిర్వచించినాడు. మన నైయాయికుల పరిభాష దానికి చక్కగా సరిపోయినది. హెబ్రీయులకు వ్రాసిన పత్రిక పదునొకండవ అధ్యాయమున విశ్వాస లక్షణమును చెప్పుచోట ఎలెంఖస్ అను పదమునకు 'రుజువు' అను కచ్చేరీ మాట వచ్చినది. అనగా ఒక్క గ్రంథమునందే తర్కశాస్త్రపు ప్రమాణమును, న్యాయస్థానపు రుజువును, ఈ రెంటికంటెను విరివిగా వాడబడిన సాక్ష్యమును ఉన్నవి. ఈ మాటలు పర్యాయములు కావు. ప్రమాణము జ్ఞానమునకు సాధనము. రుజువు వివాదమునకు ముగింపు. సాక్ష్యమునకు ఒక మనిషి కావలెను. వాడు నిలుచుండి చెప్పవలెను. వీనిని కలిపివేయుటవలననే అద్భుతములపై వాదములు పెక్కుసారులు దారి తప్పుచున్నవని మా అభిప్రాయము.

ఈ తప్పుదారి ఎట్లు ఏర్పడినదో చూడవలెను. ఇంగ్లండున విలియం పేలీ 1794లో క్రైస్తవమత నిదర్శనములను గూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. కేంబ్రిడ్జి విద్యార్థులు చిరకాలము దానిని చదువవలసి యుండెను. తొలి సాక్షులు తాము చెప్పినదానికొరకు శ్రమలను, అపాయములను, బాధలను సహించిరి. కల్పించి చెప్పినదానికొరకు ఎవరును అట్లు సహింపరు. కావున అద్భుతములు జరిగినవి. కావున వానిచేత ముద్రితమైన బోధ దైవదత్తము — ఇది ఆయన వాదక్రమము. ఇందు అద్భుతము ప్రమాణము, బోధ ప్రమేయము. ఈ వాదమున ఒక లోపము కలదు. బాధ సహించుట వక్త నిజాయితీకి గుర్తు కాగలదు గాని, అతడు చెప్పిన విషయము యథార్థమనుటకు గుర్తు కాజాలదు. పరస్పర విరుద్ధములైన సిద్ధాంతములకొరకు ప్రాణములిచ్చినవారు ప్రతి మతమునను కలరు.

పేలీకి దాదాపు అర్ధశతాబ్ది ముందే, 1748లో, డేవిడ్ హ్యూము ఈ వరుసను తలక్రిందు చేసి యుండెను. ఆయన దృష్టిలో అద్భుతము దేనినో నిరూపించు సాధనము కాదు. తానే నిరూపింపబడవలసిన విషయము. ప్రకృతి నియమములకు మానవుల ఏకరూపానుభవము ఆధారము. దానికి విరుద్ధముగా సాక్షి చెప్పినపుడు, ఆ సాక్ష్యము అబద్ధమగుట ఆ అద్భుతముకంటెను గొప్ప అద్భుతమైననే తప్ప దానిని అంగీకరింపరాదు. అనగా అద్భుతము ప్రమేయమైనది. ఈ వాదము మిక్కిలి బలమైనది. వంచనకును భ్రాంతికిని సులభముగా లోబడు మనస్సులకు గొప్ప రక్ష. కాని హ్యూము తానే తెచ్చిన ఒక ఉదాహరణము మనవంటివారిని ఆలోచింపజేయును. మంచును గూర్చి మొదటిసారి విన్న ఒక భారతీయ రాజు దానిని నమ్మకపోయెననియు, అతని తర్కము సరియైనదేయనియు ఆయన వ్రాసెను. ఆ రాజునకు కలిగిన అనుభవము మంచుకు విరుద్ధము కాదు, దానితో పోలిక లేనిది మాత్రమేయని హ్యూము సమాధానము. అయినను తర్కము సరియై నిర్ణయము తప్పు కావచ్చునని దీనివలన తేలుచున్నది. ఏకరూపానుభవమనునది ఎవరి అనుభవమను ప్రశ్న మిగిలియే యున్నది.

ప్రమాణ ప్రమేయముల ఈ అన్యోన్యాశ్రయమును గూర్చి విచారించుటకు మన సీమవారు ఐరోపాకు పోవలసిన పని లేదు. హాలియానుండి సాగరము వైపు పోవు దారి నాగార్జునకొండ లోయకు చేరును. 1955లో శంకుస్థాపన జరిగిన ఆనకట్టవలన మునిగిపోయిన ఆ లోయతో సంప్రదాయము ఆచార్య నాగార్జునుని పేరు ముడివేసినది. ఆయన విగ్రహవ్యావర్తనియందు, వస్తువులన్నియు ప్రమాణములచేత సిద్ధించునేని ఆ ప్రమాణములు దేనిచేత సిద్ధించుచున్నవని ప్రశ్నించి, ప్రమేయము లేనిదే ప్రమాణము లేదని చూపెను. ఈ కన్నుతో చూచిన పేలీ, హ్యూములు ఇరువురును ఒకే పలకకు రెండు వైపుల నిలిచినవారుగా కనబడుదురు. అద్భుతము మతమును నిరూపించునని యొకరు, మతసాక్ష్యము అద్భుతమును నిరూపింపజాలదని మరియొకరు. సాక్ష్యమునకు నిరూపణము తప్ప వేరు పని యుండవచ్చునని ఇరువురును తలపలేదు.

తెలుగు వాఙ్మయమున అతిమానుష ప్రమాణమునకు ఒక క్రమబద్ధమైన స్థానము పూర్వమే కలదు. పదుమూడవ శతాబ్దిలో మూలఘటిక కేతన యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరా వ్యాఖ్యను అనుసరించి విజ్ఞానేశ్వరీయమను ధర్మశాస్త్ర గ్రంథమును తెలుగున పద్యములలో రచించెను. యాజ్ఞవల్క్యుని మతమున వ్యవహారమునకు మానుష ప్రమాణములు మూడు: లిఖితము, భుక్తి, సాక్షులు. ఈ మూడును లేనపుడే తుల, అగ్ని, జలము, విషము, కోశము మొదలగు దివ్యములకు ప్రసక్తి. ఇందలి క్రమము గమనింపదగినది. దైవము సాక్ష్యమిచ్చునని నమ్మిన ధర్మశాస్త్రకారులు సైతము మనుష్యుల సాక్ష్యము, వ్రాత ఉన్నంతవరకు దైవమును పిలువరాదనిరి.

వీరశైవ వాఙ్మయమున ఈ క్రమము మారినది. పాల్కురికి సోమనాథుని బసవపురాణమున మహిమ చివరి ప్రమాణము కాదు, మొదటిదే. బసవన్న ధనాగారమును వ్యయపరచుచున్నాడని బిజ్జలునికి ఫిర్యాదు రాగా, లెక్క చూచినపుడు ధనము తరుగకయే యుండెనని చెప్పు కథ ఇందుకు నిదర్శనము. అచ్చట మహిమయే లెక్కల పరీక్షకు నిలుచుచున్నది. ఏకాంత రామయ్య తన శిరస్సును ఖండించుకొని మరల పొందెనన్న కథ కన్నడ దేశమున అబ్బలూరులో సుమారు 1200 నాటి శాసనమునకు ఎక్కినది. బిజ్జలుడు అతనికి జయపత్రమిచ్చెనని ఆ శాసనము చెప్పుచున్నది. శాసనమున్నదిగదా యని చరిత్రకారుడు ఆ సంఘటనను అంగీకరింపడు. ఆనాటివారు దానిని నమ్మిరనియు, దాని ఫలితముగా వాదమున గెలుపు ఓటములు నిర్ణయమైనవనియు మాత్రము గ్రహించును. క్రైస్తవ సాక్ష్యముల విషయమునను మొదటి మెట్టున ఇంతటి నిగ్రహమే కావలెను. ఇంతకంటె ఎక్కువ కఠినత్వము గాని, ఎక్కువ ఔదార్యము గాని పనికిరాదు.

ఇక తెలుగు క్రైస్తవుల చరిత్రకు వత్తము. ఈ చరిత్రలో ప్రసిద్ధమైన ఘట్టము ఒంగోలు ప్రాంతమున 1878లో జరిగినది. 1876–78 కరవులో జాన్ క్లౌ అను అమెరికన్ బాప్టిస్టు మిషనరీ బకింగ్‌హాం కాలువ త్రవ్వకమున కొంత భాగమును గుత్తకు తీసికొని వేలకొలది పేదలకు కూలి కల్పించెను. కరవు సాయము జరుగుచున్నంత కాలము ఆయన బాప్తిస్మములను నిలిపివేసెను. అన్నముకొరకు వచ్చినవారిని, విశ్వాసముకొరకు వచ్చినవారిని వేరు చేయుటకు అంతకంటె మార్గము లేకపోయెను. సాయము ముగిసిన పిమ్మట 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యొడ్డున ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. దీనిని పలువురు అద్భుతమని వర్ణించిరి. మాకు అంతకంటె ముఖ్యముగా తోచునది ఆయన కోరిన ఆధారము. చేరవచ్చినవారిని ఆయన స్వప్నములను గూర్చి గాని, స్వస్థతలను గూర్చి గాని అడిగి నిర్ణయింపలేదు. ఆదివారమున పని చేయకుండుట, చచ్చిన పశువుల మాంసము తినకుండుట, విగ్రహములను కొలువకుండుట — ఈ మూడే నియమములు. రుజువు అద్భుతమునుండి ఆచరణకు మారినది.

ఆ ఉద్యమపు తరంగములే నిజాం రాజ్యమునకు వ్యాపించినవి. 1890లో రష్యానుండి వచ్చిన మెనొనైటు ఏబ్రహాం ఫ్రీసెన్ నల్లగొండలో బాప్టిస్టు మిషను కేంద్రమును స్థాపించెను. తరువాత నాగర్‌కర్నూలు, దేవరకొండ, వనపర్తి మొదలగుచోట్ల మెనొనైటు బ్రెదరన్ కేంద్రములు వెలసెను. ఈ మిషనులు ప్రార్థనతోపాటు ఆసుపత్రులను కూడ తెచ్చినవి. శంషాబాదులో కేథరీనా షెల్లెన్‌బర్గ్ అను వైద్యురాలు 1945లో మరణించువరకు పనిచేసెను. జడ్చర్లలో 1950 ప్రాంతముల తరువాత అట్టి వైద్యశాలయే పెరిగెను. ప్రార్థించిన చేతులే మందిచ్చిన చేతులు. కావున స్వస్థతను నమ్మువాడు వైద్యమును మానవలెనను మాట ఈ సీమ క్రైస్తవ చరిత్రకు సహజమైనది కాదు.

తెలంగాణ గ్రామ క్రైస్తవుల విశ్వాసమును శాస్త్రీయముగా పరిశీలించిన గ్రంథములు రెండు కలవు. పి. వై. లూకా, జాన్ కార్మన్ అనువారు మెదకు ప్రాంతపు వడియారము పాస్టరేటులో పరిశీలించి 1968లో ఒకటి ప్రకటించిరి. అర్ధశతాబ్ది పిమ్మట కార్మన్, చిలుకూరి వసంతరావులు ఆ గ్రామములనే మరల చూచి 2014లో రెండవది ప్రకటించిరి. కొన్ని పాత సంఘములు క్షీణించుటయు, క్రొత్త సంఘములు పుట్టుటయు, ఈ పెరుగుదలయందు స్వస్థతకొరకైన ప్రార్థన ముఖ్యమగుటయు, బాప్తిస్మము పొందకయే పలువురు ఆరాధనకు వచ్చుటయు ఈ రెండవ గ్రంథమున కనబడును. ఈ గ్రంథకర్తలు స్వస్థతలు నిజమా అను ప్రశ్నకు తీర్పు చెప్పక, అవి ఆ ప్రజల జీవితమున ఏమి చేసినవని చూచిరి. సమాజ శాస్త్రమునకు ఇది చాలును. కాని సాక్ష్యము చెప్పువాడు సమాజ శాస్త్రము చెప్పుట లేదు. ఇది జరిగినది అని చెప్పుచున్నాడు. ఆ మాటను పక్కకు నెట్టిన గౌరవము సగము గౌరవమే. కావున మేము ఇంకొక అడుగు వేయుచున్నాము.

సాక్ష్యము ఒక కథన రూపముగా చూచిన దానికి నిశ్చితమైన అంగములు కనబడును: వ్యాధి, దాని కాలము, వైద్యుల నిరాశ, లేక ఖర్చు భారము, ఎవరో ప్రార్థనకు పిలుచుట, ప్రార్థన లేక ఉపవాసము, మార్పు, తుదకు స్తోత్రము. ఈ అచ్చు ఉన్నంతమాత్రమున కథ కల్పితమని తలపరాదు; చావు వార్త చెప్పుటకు, పెండ్లి మాట చెప్పుటకు సైతము మనకు అచ్చులు కలవు. కాని అచ్చు కొన్నింటిని నిలుపును, కొన్నింటిని విడుచును. ప్రార్థించుచునే మ్రింగిన మాత్రలు ఈ కథలో తరచుగా జారిపోవును. తమంతట తగ్గు రోగములు, తగ్గి మరల వచ్చు రోగములు ఉన్నవన్న సంగతికి చోటు దొరకదు. అన్నిటికంటె ముఖ్యము, ప్రార్థించియు స్వస్థత పొందనివాడు లేచి నిలిచి సాక్ష్యము చెప్పడు, మరణించినవాడు చెప్పలేడు. సభలో వినబడు సాక్ష్యములను మాత్రమే లెక్కించి కారణమును నిర్ణయించుట, ఒడ్డు చేరిన పడవలను మాత్రమే లెక్కించి నదిలో అపాయము లేదనుట వంటిది.

ఈ కొరతను తీర్చు ప్రయత్నములు ప్రపంచమున జరిగినవి. ఫ్రాన్సులోని లూర్దు క్షేత్రమున 1883 నుండి ఒక వైద్య కార్యాలయము కలదు. అచ్చట నివేదింపబడిన స్వస్థతలు 7,000కు పైబడగా, 2018 నాటికి సంఘము అద్భుతములుగా అంగీకరించినవి 70 మాత్రమే. వ్యాధి తీవ్రమై యుండవలెను, స్వస్థత ఆకస్మికమును సంపూర్ణమును శాశ్వతమును కావలెను, వైద్యము దానికి కారణము కారాదు అను నియమములు దీనికి మూలము. మన గుణదలలో వెలసిన లూర్దుమాతకు ఏటేట ఫిబ్రవరిలో జరుగు ఉత్సవమునకు వచ్చు భక్తులు ఇంత జల్లెడ పట్టుదురని తలపము. కాని ఆ భక్తికి మూలమైన క్షేత్రముననే జల్లెడ కలదని వారు తెలిసికొనుట మంచిది. వేరొక ప్రయత్నము అమెరికాలో జరిగినది. ఆరు ఆసుపత్రులలో బైపాస్ శస్త్రచికిత్స పొందిన 1,802 మంది రోగులపై జరిగిన పరిశోధన 2006లో ప్రకటింపబడెను. తెలియకుండ ఇతరులచే ప్రార్థన పొందినవారికి, పొందనివారికి భేదము కనబడలేదు. ప్రార్థన జరుగుచున్నదని నిశ్చయముగా తెలిసినవారిలో చిక్కులు కొంత ఎక్కువగా కనబడినవి — 52కు బదులు 59 శాతము. ప్రార్థనను మందువలె కొలతవేసి ఇచ్చునది కాదని దైవశాస్త్రజ్ఞులు దీనికి సమాధానమిత్తురు. ఆ సమాధానము సరియైనదే. కాని అది అంగీకరించినవారు, ప్రార్థన మందువలె తప్పక పనిచేయునని గోడపత్రములలో ప్రకటించు హక్కును కూడ వదలుకొనవలెను.

సువార్తలే ఈ విషయమున మనకంటె జాగ్రత్త కలవి. ఆకాశమునుండి సూచన చూపుమని అడిగినవారికి క్రీస్తు దానిని నిరాకరించెనని మార్కు చెప్పుచున్నాడు. లూకా తన గ్రంథారంభముననే కన్నులార చూచినవారి మాటలను విచారించి వ్రాయుచున్నానని చెప్పుకొన్నాడు. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో పౌలు, పునరుత్థానుడైన క్రీస్తును ఒకేసారి చూచిన అయిదువందలకు పైబడినవారిలో పెక్కుమంది ఇంకను జీవించి యున్నారని చెప్పెను. అనగా వారిని అడుగవచ్చునని సూచన. తోమా చూడక నమ్మనన్నపుడు అతనిని వెలివేయలేదు, చూచుటకు పిలిచిరి. సమాధి యొద్దకు పోయిన స్త్రీలు మొదట చెప్పిన మాటను శిష్యులే నమ్మలేదని లూకా దాపరికము లేక వ్రాసెను. కల్పించువాడు ఆ కాలమున స్త్రీలను మొదటి సాక్షులుగా పెట్టియుండడని పండితులు చెప్పు వాదము దీనినుండి పుట్టినదే. అది నిశ్చయ రుజువు కాదు గాని తేలికగా త్రోసివేయదగిన గుర్తును కాదు.

ఈ చివరి విషయమే మమ్ము తిరిగి మన గ్రామములకు తెచ్చుచున్నది. మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయమున స్త్రీల వ్యవహారమునకు స్త్రీలును, శూద్రులకు శూద్రులును, అంత్యజులకు అంత్యజులును సాక్షులుగా చెప్పబడిరి. ఎవరి మాటకు ఎచ్చట విలువయో పుట్టుక నిర్ణయించినది. తెలుగు నేలపై క్రైస్తవము స్వీకరించినవారిలో అధిక సంఖ్యాకులు మాల, మాదిగ వాడలవారు. ఊరి రచ్చబండ యొద్ద దూరముగా నిలువవలసి వచ్చినవారి సంతతి సభ నడుమ నిలిచి 'నేను సాక్షిని' యనుట, అందునను స్త్రీ యట్లు అనుట, స్వస్థత జరిగినను జరుగకున్నను ఒక చారిత్రక సంఘటన. నైయాయికులు శబ్ద ప్రమాణమునకు ఆప్తుని వాక్యమును మూలముగా చెప్పిరి. ఇక్కడ మారినది వాక్యము కాదు, ఆప్తుడెవరను నిర్ణయము. అద్భుతమును శంకించు మన విమర్శకులు ఈ మార్పును చూడక, సాక్ష్యమును అజ్ఞానమని నవ్వి త్రోసివేసిన, వారు తెలియకయే ఆ పాత సాక్షి ప్రకరణమునే మరల వ్రాసినవారగుదురు.

అయినను గౌరవమునకు పరీక్ష విరోధి కాదు. ఒకని మాటను పరీక్షించుట యనగా అతనిని సాక్షిగా అంగీకరించుటయే. పిచ్చివాని మాటను ఎవరును అడ్డుప్రశ్నలు వేసి పరీక్షింపరు. 1872 నాటి సాక్ష్య చట్టమునను, 2024 జూలై 1 నుండి దాని స్థానమున అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమునను మౌఖిక సాక్ష్యము ప్రత్యక్షమై యుండవలెనను నియమము కలదు. చూచినది చూచినవాడే, విన్నది విన్నవాడే చెప్పవలెను. ఈ కొలతతో చూచిన సాక్ష్యమున మూడు అంశములు విడివడును. నాకు జబ్బు ఉండెను, ఇప్పుడు లేదు అనునది మొదటిది; దీనికి సాక్షి ఆప్తుడే, అయినను జబ్బు పేరునకు వైద్యుని కాగితము కావలెను. ప్రార్థనవలననే పోయినది అనునది రెండవది. ఇది చూచిన విషయము కాదు, అనుమానము. దీనికి పోలిక గల ఇతర సంఘటనలు, స్వస్థత పొందనివారివి సైతము, లెక్కకు రావలెను. దేవుడు నన్ను విడువలేదు అనునది మూడవది; దీనికి కచ్చేరీ రుజువు అడుగుట తగదు. యోహాను సువార్త సూచకక్రియ యన్నది ఈ మూడవదానినే. దానికి తగిన పరీక్ష క్లౌ కోరినదే: ఆ మనిషి తరువాత ఎట్లు జీవించెను?

ఈ మూటిని కలిపివేసినపుడు నష్టము కేవలము తార్కికము కాదు. మూడవ అంశమున గల నిశ్చయమును రెండవదానికి అంటగట్టినవాడు మధుమేహమునకు, మూర్ఛకు, క్షయకు వాడు మందును మానివేయును. బోధకుడు మానుమనిన ఆ పాపము ఇరువురిదియును. 1954లో వచ్చిన మంత్రౌషధ ప్రకటనల నిషేధ చట్టము తాయెత్తులను, మంత్రములను కూడ తన పరిధిలో చేర్చినది. కాని ప్రకటనను ఆపగల చట్టము విశ్వాసపు తప్పు వాడుకను ఆపజాలదు. దానిని ఆపగలవారు సంఘపు పెద్దలే. మరియొక వైపు, మొదటి రెండు అంశములను శంకించినవాడు ఆ శంకను మూడవదానికి పొడిగించినచో, ఒక దరిద్రుని జీవితమున నిజముగా వచ్చిన మార్పును కనులారా చూచియు చూడనివాడగును.

కావున మేము చెప్పదలచినది ఇది. అద్భుతము క్రైస్తవ సాక్ష్యమున ప్రమాణమును కాదు, కేవల ప్రమేయమును కాదు; మొదట అది సూచన. సూచనను ప్రమాణముగా నిలుపబూనినవారు పేలీవలె మోయలేని బరువును సాక్షిపై మోపుచున్నారు. సూచనను ప్రమేయముగా మాత్రమే చూచువారు హ్యూమువలె సాక్షిని బోనులో నిలిపి, అతడు చెప్పవచ్చిన మాటలో సగము వినకయే పంపివేయుచున్నారు. తెలుగు బైబిలు అనువాదకులు మూడు మాటలను వేరు వేరుగా నిలిపి మనకు మార్గము చూపియే యున్నారు. తెలంగాణపు సాక్ష్యములను చెప్పినవారి అనుమతితో, పేర్లు మరుగుపరచి, స్వస్థత పొందినవారివియు పొందనివారివియు సేకరించి, వాని భాషను, అంగక్రమమును, మౌనములను పరిశీలించు పని మన తెలుగు శాఖల ముందు ఉన్నది. జానపద గేయములను సేకరించిన శ్రద్ధయే ఇందును చూపినచో, భాషాశాస్త్రమునకును ఆ గ్రామములలోని రోగులకును మేలు కలుగునని మా విశ్వాసము.